అక్టోబర్ 1 బోర్డు మీద ఏం రాయాలి? సీమ వాళ్లంతా ఒక చెయ్యేయండి

బురుజు నీడ (కర్నూలు), సెప్టెంబర్ 30, సాయంత్రం 5:40

అందరికీ నమస్కారం. మా కాలనీ రీడింగ్ రూమ్‌లో పొద్దున్నే నల్లబోర్డు మీద "చరిత్రలో ఈ రోజు" రాసే పని నాది. పేపర్ కోసం వచ్చే పెద్దవాళ్లు, ట్యూషన్‌కు పోతూ తొంగిచూసే పిల్లలు, వీళ్లే నా పాఠకులు. బోర్డు చిన్నది. ఎనిమిది వరుసలు దాటిందంటే అక్షరాలు సన్నబడి, పెద్దాయనలు కళ్లద్దాలు ఎత్తి దించి చూసి "ఏం రాసినావప్పా" అంటారు.

మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. రేపు మాత్రం టెన్షన్. వెతికితే ఎన్ని దొరికాయో చూడండి. క్రీస్తుపూర్వం 331లో గాగమేలా దగ్గర అలెగ్జాండర్ పర్షియా రాజు మూడో డరియస్‌ను ఓడించాడు. 1847లో అనీబిసెంట్ పుట్టారు. 1854లో దేశమంతటికీ ఒకే తపాలా బిళ్లలు వచ్చాయి. 1908లో ఫోర్డ్ మోడల్ టి కారు, 1946లో నాజీ నాయకుల మీద నూరెంబర్గ్ కోర్టు తీర్పు, 1949లో చైనాలో కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడిందని మావో ప్రకటన, 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1958లో నాసా, 1960లో నైజీరియా స్వాతంత్ర్యం, 1969లో కాంకార్డ్ విమానం తొలిసారి ధ్వని వేగాన్ని దాటడం, 1971లో ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్. పుట్టినవాళ్లలో ఎస్.డి.బర్మన్, అల్లు రామలింగయ్య, జిమ్మీ కార్టర్, శివాజీ గణేశన్, రామ్‌నాథ్ కోవింద్. ఇవి కాక వృద్ధుల దినం, స్వచ్ఛంద రక్తదాన దినం.

వీటిలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి? ఆంధ్ర రాష్ట్రం ఎటూ ఉంటుంది, దాని మీద చర్చ అక్కర్లేదు.

ఆదోని పత్తి (ఆదోని), సాయంత్రం 6:05

చర్చ అక్కర్లేదంటే ఎట్లా అన్నా? అసలు చర్చంతా దాని మీదే. "ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, కర్నూలు రాజధాని అయింది" అని రాసి చేతులు దులుపుకుంటే సగమే రాసినట్టు. ఆ రోజు మీకు రాజధాని వచ్చింది, మాకు జిల్లా మారింది.

ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అంతదాకా బళ్లారి జిల్లావి. 1953 అక్టోబర్ 1న ఈ మూడూ ఆంధ్రలోకి వచ్చాయి. బళ్లారి, హొస్పేట, సిరుగుప్ప, ఇంకా మిగతావి మైసూరు రాష్ట్రంలోకి పోయాయి. బళ్లారి తాలూకా ఎటు పోవాలన్న దాని మీద పెద్ద గొడవ జరిగితే జస్టిస్ ఎల్.ఎస్.మిశ్రాతో విచారణ కూడా చేయించారు. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాకు, రాయదుర్గం అనంతపురం జిల్లాకు కలిపారు.

మా జేజినాయన పత్తి వ్యాపారం. లెక్కలు బళ్లారిలో, వకీలు బళ్లారిలో, మేనత్తను ఇచ్చింది బళ్లారిలో. ఆయన ఆఖరు దాకా "జిల్లాకు పోయొస్తా" అంటే ఇంట్లో వాళ్లు "ఏ జిల్లాకు?" అని అడగాల్సి వచ్చేది. కర్నూలుకు పోతే "ఊరికి పోతున్నా" అనేవాడు. జిల్లా అంటే ఆయనకు బళ్లారే.

కాబట్టి నా ఓటు: ఆంధ్ర రాష్ట్రానికి ఒక వరుస, బళ్లారికి ఇంకో వరుస.

గడియారం గోపురం (అనంతపురం), సాయంత్రం 6:20

ఆదోని అన్న మాట నిజం. రాయదుర్గం పేరు రాయకపోతే మేము ఊరుకోము.

ఇంకోటి. ఆ రోజు ముఖ్యమంత్రిగా టంగుటూరి ప్రకాశం పంతులు ప్రమాణం చేశారని అందరూ రాస్తారు. ఉప ముఖ్యమంత్రి మా అనంతపురం జిల్లా ఇల్లూరు ఆయన నీలం సంజీవరెడ్డి. ఎనభైయేళ్లు దాటిన పెద్దాయన పక్కన నలభైయేళ్ల మనిషి. మూడేళ్లకు ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి ఆయనే, 1977లో రాష్ట్రపతి ఆయనే. మేము దండు పంపకముందే సగం వరుస ఇస్తే చాలు మాకు.

మోడరేటర్, సాయంత్రం 6:22

దండు పంపే పని లేదు. ఇప్పటి రాజధాని సంగతులు, హైకోర్టు సంగతులు ఈ చర్చలోకి తేవద్దని మాత్రం మనవి. తెస్తే తీసేస్తాను.

పంచాంగం సార్ (నంద్యాల), సాయంత్రం 6:48

రిటైర్డ్ లెక్కల మాస్టారిని. గాగమేలా గురించి నాలుగు ముక్కలు.

రెండు వేల మూడొందల ఏళ్ల నాటి యుద్ధానికి అక్టోబర్ 1 అని ఇంత ఖచ్చితంగా ఎట్లా చెప్తారని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. ఆ యుద్ధానికి పదకొండు రోజుల ముందు చంద్రగ్రహణం పట్టింది. అలెగ్జాండర్ సైన్యం దాన్ని చూసి బెదిరిపోయిందని గ్రీకు రచయితలు రాశారు. బాబిలోనియా వాళ్లు ఆకాశంలో జరిగేదంతా మట్టిపలకల మీద రోజువారీగా రాసుకునేవాళ్లు, వాటిలోనూ ఈ సంగతులున్నాయి. ఆ గ్రహణం సెప్టెంబర్ 20 అని గణితంతో తేలుతుంది. అక్కడి నుంచి లెక్కపెట్టి అక్టోబర్ 1 అన్నారు.

మెలిక ఎక్కడంటే, ఇది జూలియన్ క్యాలెండర్ లెక్క. మనం ఇప్పుడు వాడే గ్రెగోరియన్ లెక్కను వెనక్కి పట్టుకుపోతే ఆ రోజు సెప్టెంబర్ చివరి వారంలో పడుతుంది. మావో చైనాను ప్రకటించిన అక్టోబర్ 1, అలెగ్జాండర్ గెలిచిన అక్టోబర్ 1 ఒకే తేదీ అనడం పుస్తకం వరకే. ఆకాశంలో సూర్యుడు ఆ రెండు రోజుల్లో ఒకే చోట లేడు. బోర్డు మీద దానికి చోటు దండగ. తీసేయండి.

కిరాణా కొట్టు (ప్రొద్దుటూరు), రాత్రి 7:10

సార్ ఒక్క దెబ్బకు అలెగ్జాండర్‌ను ఓడించేశారు!

నా తరఫున ఒకటి చేర్చుకోండి, జాబితాలో లేదు. మన దేశంలో మెట్రిక్ తూకాలు అమల్లోకి రావడం మొదలైంది 1958 అక్టోబర్‌లోనే. చట్టం 1956లో వచ్చింది, నయా పైసలు 1957 ఏప్రిల్‌లో వచ్చాయి, ఆ తర్వాత కిలోలు. ఒక్కసారిగా కాకుండా కొన్ని ప్రాంతాల్లో, కొన్ని వ్యాపారాల్లో ముందు పెట్టి, తర్వాత దేశమంతటా తెచ్చారు.

మా కొట్టు మా తాత నాటిది. అటక మీద పాత తూకపు రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఒక పక్క ఇనుప వీశె గుండు, తుప్పు పట్టి అంచులు రాలుతోంది. పక్కనే తర్వాత వచ్చిన కిలో రాయి, దాని అడుగున సీసం పోసి ముద్ర కొట్టిన గుంట. రెండూ చేతిలోకి తీసుకుంటే వీశె గుండే బరువు, కిలోంపావు దాటుతుంది. మరి రేటు మార్చకుండా వీశె బదులు కిలో ఇచ్చినోళ్లు ఎంత మిగుల్చుకుని ఉంటారో ఊహించుకోండి. మా తాత అట్లా చేయలేదని మా నాయన చెప్తాడు. నేను నమ్ముతాను, వేరే దారి లేదు.

తపాలా చిన్నాయన (కడప), రాత్రి 7:25

కొట్టు అబ్బాయ్, మీ తాత సంగతి మాకు తెలుసులే.

అక్టోబర్ 1, 1854 గురించి నేను చెప్పాలి. ముప్పైయేళ్లకు పైగా ఆ డిపార్ట్‌మెంట్ ఉప్పు తిన్నవాణ్ని. అంతకుముందు కూడా ఉత్తరాలు పోయేవి, కానీ ఎంత దూరమైతే అంత డబ్బు. మద్రాసుకు ఒక రేటు, కలకత్తాకు ఒక రేటు. చాలాసార్లు అందుకున్నవాడే కట్టాలి. 1854లో తపాలా ఒక పూర్తి శాఖగా, డైరెక్టర్ జనరల్ కింద నడవడం మొదలైంది. దూరంతో పనిలేదు, బరువును బట్టి రేటు. విక్టోరియా రాణి తల ఉన్న బిళ్ల అంటించి వేస్తే అటు పెషావర్ అయినా ఇటు కడప అయినా ఒకటే ధర.

నా లెక్కలో ఈ రోజున జరిగిన వాటిలో మామూలు మనిషికి ఎక్కువ మేలు చేసింది ఇదే. పై ఊళ్లకు కూలికి పోయిన కొడుకు క్షేమంగా ఉన్నాడని తల్లికి తెలియడానికి దారి అది. కార్డు రాయించుకోవడానికి వచ్చే ముసలమ్మలను నా సర్వీసులోనూ చూశాను. ఏం రాయాలి అవ్వా అంటే "అందరం బాగున్నాం అని రాయి, మిగతాది నీకే తెలుసు గదా" అనేవాళ్లు. నాకేం తెలుసు? రాసేవాణ్ని మరి.

కొందరు అక్టోబర్ 9, 10 తేదీలతో కలిపేస్తారు. 9 ప్రపంచ తపాలా దినం, 10 మన జాతీయ తపాలా దినం. అవి వేరే.

సీమ సీతాఫలం (కర్నూలు), రాత్రి 7:40

సినిమా వాళ్లు లేకపోతే బోర్డు ఎవరు చదువుతారు సార్? అల్లు రామలింగయ్య గారు 1922, పాలకొల్లు. హోమియోపతి వైద్యం కూడా చేసేవారు. 1990లో పద్మశ్రీ. శివాజీ గణేశన్ 1928. బర్మన్ 1906. ముగ్గురినీ ఒకే వరుసలో ఇరికించొచ్చు.

బురుజు నీడ, రాత్రి 7:52

ముగ్గురూ ఒకే వరుసలో, ఒప్పుకున్నాను. కాంకార్డ్, డిస్నీ, మోడల్ టి తీసేశాను. గాగమేలా సార్ మాట మీద పోయింది. నాసా తీసేయనా?

పంచాంగం సార్, రాత్రి 8:01

ఉంచండి. కొట్టు అబ్బాయి చెప్పిన దానికి అది జోడీ. 1958 అక్టోబర్ 1న నాసా పని మొదలుపెట్టింది. అదే అక్టోబర్‌లో మనం కిలోలు మొదలుపెట్టాం. 1999 సెప్టెంబర్‌లో అంగారకుడి దగ్గరికి పంపిన నాసా నౌక ఒకటి పోయింది, మార్స్ క్లైమేట్ ఆర్బిటర్. ఎందుకు పోయిందంటే, నేల మీద ఒక సాఫ్ట్‌వేర్ పాత పౌండ్ల లెక్కలో అంకెలు ఇచ్చింది, ఇంకో చోట వాటిని మెట్రిక్ అంకెలు అనుకుని వాడారు. నౌక వెళ్లాల్సిన ఎత్తు కన్నా బాగా కిందికి పోయి వాతావరణంలో చిక్కుకుంది. రాకెట్లు పంపే వాళ్లు పౌండ్ల దగ్గర తడబడితే, మన ప్రొద్దుటూరు కొట్టులో వీశెలు కిలోలయ్యాయి, కొట్టు ఇంకా నడుస్తోంది. పిల్లలకు ఇది చెప్తే యూనిట్లు రాయడం జన్మలో మరిచిపోరు.

కిరాణా కొట్టు, రాత్రి 8:04

సార్, ఈ మెసేజ్ ప్రింట్ తీసి కొట్టులో అంటిస్తాను.

దేవుని కడప (కడప), రాత్రి 8:30

అనీబిసెంట్ గారిని "లండన్‌లో పుట్టిన కాంగ్రెస్ అధ్యక్షురాలు" అని వదిలేయకండి. 1916లో హోమ్ రూల్ లీగ్, 1917 కలకత్తా కాంగ్రెస్‌కు అధ్యక్షత, అవి పాఠ్యపుస్తకంలో ఉన్నవే. మనకు దగ్గరిది వేరే ఉంది. మదనపల్లె కళాశాల ఆవిడ స్థాపించినదే. మదనపల్లె 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మా కడప జిల్లా. అక్కడే 1919లో ఠాగూర్ జనగణమనకు ఇంగ్లిష్ అనువాదం రాశారు. ఆవిడ పెంచి లోకానికి చూపించిన జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది మదనపల్లెలో, 1895లో. పసితనంలో కొన్నాళ్లు కడపలో ఉన్నారు. వాళ్ల నాయన రెవెన్యూ ఉద్యోగి, బదిలీ మీద ఇక్కడికి వచ్చారు. అప్పట్లో కడప అంటే మలేరియా. పిల్లవాడికి జ్వరం వచ్చి ప్రాణం మీదికి వచ్చింది.

ఇక ఈ చర్చకు పనికొచ్చే ముక్క: కృష్ణమూర్తి గారి పుట్టినరోజు కొన్ని చోట్ల మే 11, కొన్ని చోట్ల మే 12. రెండూ ఒకే రాత్రి. అర్ధరాత్రి దాటి అరగంటకు పుట్టారు. ఇంగ్లిష్ తేదీ ప్రకారం 12. మన పద్ధతిలో తెల్లవారితే గాని రోజు మారదు కాబట్టి 11. పంచాంగం సార్, మీరేమంటారు?

పంచాంగం సార్, రాత్రి 8:44

రెండూ ఒప్పే. జాతకం రాసేటప్పుడు వారం సూర్యోదయంతో మారుతుంది. అర్ధరాత్రి గంట కొట్టినంత మాత్రాన శనివారం ఆదివారం అయిపోదు. తద్దినాలు తిథిని బట్టి పెడతాం, తేదీని బట్టి కాదు. మనవాళ్లను "తాత ఏ తేదీన పోయినాడు?" అంటే తల గోక్కుంటారు. "మాఘ బహుళ ద్వాదశి" అని మాత్రం తడుముకోకుండా చెప్తారు. రేపటి బోర్డు మీది పేర్లన్నీ తిథి ప్రకారం రాస్తే ఒక్కొక్కటి ఒక్కో రోజుకు చెదిరిపోతాయి.

సీమ సీతాఫలం, రాత్రి 8:50

తేదీల సంగతి అడగొద్దు. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు అడిగితే మా నాయన "రాజధాని పోయినాక రెండేళ్లకు" అని మా అక్క సంగతి చెప్పినాడంట. ఆయన జూలై 1 అని రాసేసినాడు. మా క్లాసులో సగం మంది జూలై 1న పుట్టినోళ్లే. పుట్టినరోజు కేకులు లేని కాలం కాబట్టి సరిపోయింది.

వన్‌టౌన్ వాసి (కర్నూలు), రాత్రి 9:15

ఇంతమంది ఇన్ని చెప్పారు. 2009 ఎవరూ చెప్పలేదేం? కర్నూలులో కూర్చుని అక్టోబర్ 1 రాస్తూ వరద రాయకపోతే ఎట్లా అన్నా?

బురుజు నీడ, రాత్రి 9:20

వరదను 2వ తేదీ బోర్డుకు ఉంచాను తమ్ముడూ. పత్రికల్లో అంతా అక్టోబర్ 2 అనే ఉంటుంది, గాంధీ జయంతి రోజు.

వన్‌టౌన్ వాసి, రాత్రి 9:58

పత్రికలకు 2. మా వీధికి ఒకటో తేదీ రాత్రి.

ఆ వారం వాన ఎట్లా పడిందో గుర్తుంది కదా. కరువు జిల్లా అని పేరుపడ్డ చోట సెప్టెంబర్ చివర మొదలై ఆగకుండా కొట్టింది. పైన కర్ణాటకలో అదే పరిస్థితి. ఒక పక్క తుంగభద్ర, ఇంకో పక్క హంద్రీ, మధ్యలో ఊరు. రెండూ ఒకేసారి వస్తే నీళ్లు పోయే దారి లేదు. హంద్రీ తీసుకెళ్లి తుంగభద్రలో కలపాలి, తుంగభద్రే వెనక్కి తోస్తుంటే హంద్రీ ఎక్కడికి పోతుంది? కింద శ్రీశైలం నిండిపోయింది. ఆ డ్యామ్ పూర్తి మట్టం 885 అడుగులు, ఆ వరదలో 896 దాటింది. పాతిక లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చిందన్నారు, డ్యామ్ కట్టింది అంత నీటికి కాదు. మంత్రాలయంలో మఠం మునిగింది, అలంపురం మునిగింది.

రాత్రి అన్నం తిని కింద పడుకున్నాం. హంద్రీ పెరుగుతోందని వీధిలో మాటలు వినబడుతూనే ఉన్నాయి. ఎప్పుడూ వచ్చేదే కదా, గడప దాకా వచ్చి పోతుందిలే అనుకున్నాం. కరెంటు పోయింది. మంచం కింద చెప్పులు తేలి గోడకు కొట్టుకుంటున్న చప్పుడుకు మా అమ్మ లేచింది. బియ్యం మూట పైకి తెద్దామని నాయన, బీరువాలో కాగితాలు తెద్దామని అమ్మ. రెండూ తేలేదు. మా జేజిని ఎత్తుకుని మిద్దె ఎక్కేసరికి మెట్లు సగం నీళ్లలో ఉన్నాయి. టైం చూసింది ఎవరు? పన్నెండుకు ముందా, తర్వాతా అంటే మా ఇంట్లోనే రెండు మాటలున్నాయి. పొద్దున చూస్తే పూలబజార్ వైపు ఇళ్ల పైకప్పులు, కరెంటు స్తంభాల తలలు, మధ్యలో ఎర్రటి నీళ్లు.

నీళ్లు తీసినాక అందరూ బురద ఎత్తడం గురించి చెప్తారు. నాకు గుర్తున్నది మిద్దెల మీద కాగితాలు. ప్రతి మిద్దె మీదా పదో తరగతి సర్టిఫికెట్లు, పాస్‌బుక్కులు, ఇంటి పత్రాలు, పెళ్లి ఫొటోలు, ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి. గాలికి ఎగిరి పక్క మిద్దె మీద పడితే "ఇది మీదేనా" అని కేకేసి విసిరేవాళ్లు. నా ఇంటర్ మెమోలో పేరు చెదిరిపోయి, పుట్టిన తేదీ ఒక్కటే మిగిలింది. కొత్తది తీసుకోవడానికి ఒక ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. వరదలో పోయిందని చెప్తే రుజువు అడిగారు. రుజువు కూడా వరదలోనే పోయింది సార్ అంటే అక్కడున్న గుమస్తా కూడా నవ్వాడు.

పంచాంగం సార్, రాత్రి 10:10

నాయనా, ఇంతకుముందు చెప్పిన లెక్కే చెప్తాను. సూర్యోదయం దాకా ముందు రోజే. ఆ రాత్రంతా ఒకటో తేదీ కిందికే వస్తుంది. బోర్డు ఆయన ఒప్పుకోవాలి.

బురుజు నీడ, రాత్రి 10:15

ఒప్పుకోక ఏం చేస్తాను? "అక్టోబర్ 1 రాత్రి, 2009" అని రాస్తాను.

గడియారం గోపురం, రాత్రి 10:22

కార్టర్‌ను ఉంచారా? ఒక చిన్న ముడి ఉంది. 1978 జనవరిలో కార్టర్ ఢిల్లీ వచ్చినప్పుడు మన రాష్ట్రపతి మా సంజీవరెడ్డి గారే. కార్టర్ పుట్టిన తేదీన ఆయన ఉప ముఖ్యమంత్రి అయ్యాడు. కార్టర్ 2024 అక్టోబర్ 1న నూరేళ్లు నిండించుకుని, ఆ డిసెంబర్‌లో పోయారు. నూరేళ్లు చూసిన మొదటి అమెరికా అధ్యక్షుడు. వృద్ధుల దినం నాడు అంతకన్నా ఎవరు కావాలి? ఐక్యరాజ్యసమితి ఆ దినాన్ని 1990లో నిర్ణయించింది, 1991 నుంచి జరుపుతున్నారు. రెండూ ఒకే వరుసలో పెట్టండి.

నిద్రపట్టని నర్సు (కర్నూలు), రాత్రి 10:40

రక్తదానం మాత్రం తీసేయకండి. మన దేశంలో 1975 నుంచి ఈ రోజును స్వచ్ఛంద రక్తదాన దినంగా జరుపుతున్నారు. 18 నుంచి 65 ఏళ్ల లోపు, బరువు 45 కిలోలు పైన, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే ఇవ్వచ్చు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి. చరిత్ర రాసే బోర్డు మీద ఈ అంకెలు రాస్తే పొద్దున చదివినవాళ్లలో ఒకరన్నా మధ్యాహ్నానికి వస్తారు. మా దగ్గర తరచూ రక్తం ఎక్కించాల్సిన తలసీమియా పిల్లలు వారాల లెక్కన ఎదురుచూస్తుంటారు. ప్రతి నెలా అదే పిల్లలు, అదే అమ్మలు, చేతిలో అదే ప్లాస్టిక్ డబ్బాలో అన్నం. నూరెంబర్గ్ తీసేసి దీనికి చోటివ్వండి.

దేవుని కడప, రాత్రి 10:52

నూరెంబర్గ్ తీయడానికి నేను ఒప్పుకోను అక్కా. 1946లో ఆ రోజు పన్నెండు మందికి మరణశిక్ష వేశారు, ముగ్గురిని వదిలేశారు. "పైవాళ్లు చెప్పారు, చేశాం" అన్న మాట తప్పించుకోవడానికి పనికిరాదని కోర్టులో తేలిన రోజు. ట్యూషన్ పిల్లలకు ఇది తెలియాలి. తీసేయాలంటే కోవింద్ గారి పుట్టినరోజు తీయండి, ఆయన ఏమీ అనుకోరు.

ఆదోని పత్తి, రాత్రి 11:05

నైజీరియా కూడా పోయినట్టే కదా? దాని బదులు సైప్రస్ గురించి ఒక మాట. ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది 1960 ఆగస్టు 16న. కానీ పండుగ అక్టోబర్ 1న చేసుకుంటారు. వచ్చిన రోజు వేరు, చేసుకునే రోజు వేరు.

మన కథ దానికి తిరగబడ్డది. వచ్చిన రోజు అక్టోబర్ 1, పండుగ నవంబర్ 1. తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయిన రోజది. కలిసింది విడిపోయినాక ఏ రోజు చేసుకోవాలన్నది మోడరేటర్ గారు వద్దంటారు కాబట్టి ఇక్కడితో ఆపుతున్నా. ఒకటి మాత్రం చెప్తా. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబర్ 15న ప్రాణాలు వదిలింది అక్టోబర్ 1 కోసమే. నవంబర్ 1 ఆయన అడిగింది కాదు.

మోడరేటర్, రాత్రి 11:07

చివరి రెండు వాక్యాలు సరిగ్గా గీత మీద ఉన్నాయి. ఉంచుతున్నాను.

తపాలా చిన్నాయన, రాత్రి 11:20

రాజధాని వరుసలో గుడారాలు రాయండి. ఊళ్లో కట్టడాలు చాలక ఆఫీసులు గుడారాల్లో పెట్టారు, ఉద్యోగులు కూడా గుడారాల్లో ఉన్నారు. మద్రాసులో ఫ్యాన్ కింద ఉన్న వాళ్లు కర్నూలు ఎండలో, గాలివానకు తాళ్లు పట్టుకుని ఫైళ్లు కాపాడుకున్నారని మా సీనియర్లు కథలు కథలుగా చెప్పేవాళ్లు. కోస్తా, సీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒప్పందం 1937 నవంబర్ 16న అయింది, రాజధానో హైకోర్టో సీమకు ఇవ్వాలని. ఆ మాట ప్రకారం రాజధాని కర్నూలుకు వచ్చింది, హైకోర్టు 1954లో గుంటూరుకు పోయింది. పంతులు గారి ప్రభుత్వం ఏడాది తిరిగాక, 1954 నవంబర్‌లో, మద్య నిషేధం గొడవ మీద పడిపోయింది. 1956 నవంబర్ 1తో రాజధాని హైదరాబాద్. మూడేళ్లా ఒక నెల.

బురుజు నీడ, అక్టోబర్ 1, ఉదయం 6:35

రాసేశాను. మొదటి రెండు వరుసలు 1953కు. నెహ్రూ రావడం, గవర్నర్ త్రివేది, ప్రకాశం, సంజీవరెడ్డి, గుడారాలు ఒకదాంట్లో, ఆదోని, ఆలూరు, రాయదుర్గం రాక, బళ్లారి పోక ఇంకోదాంట్లో. మూడోది 1854 తపాలా. నాలుగోది అనీబిసెంట్, పక్కనే మదనపల్లె. ఐదోది నూరెంబర్గ్. ఆరోది కిలోలు, నాసా కలిపి. ఏడోది ముగ్గురు కళాకారులూ కార్టరూ. ఎనిమిదోది "1 రాత్రి, 2009, తుంగభద్ర, హంద్రీ". రక్తదానం అంకెలు బోర్డు చట్రం మీద సుద్దముక్కతో రాశాను, అక్కా. అది వరుస కింద లెక్క కాదు. మావోకు చోటు లేదు, ఎవరైనా అడిగితే చైనాలో పెద్ద బోర్డులుంటాయని చెప్తాను.

ఒక పెద్దాయన చదివి, రాజధాని వరుస దగ్గర ఆగి, "ఆ పొద్దు నేను మా నాయన భుజాల మీద ఉన్నా, నెహ్రూ టోపీ ఒకటే కనపడింది" అని పేపర్ తీసుకుని పోయి కూర్చున్నాడు. ఇంకేం చెప్పలేదు. టీ తాగాక అడుగుతాను.

ఆదోని పత్తి, ఉదయం 6:50

టీ తాగేదాకా ఆగొద్దు అన్నా, ఇప్పుడే అడుగు. ఎక్కడ నిలబడ్డారు, ఎంత జనం, మైకు వినబడిందా, అన్నీ అడిగి ఇక్కడ రాయి.

వన్‌టౌన్ వాసి, ఉదయం 7:15

వరుసకు థాంక్స్ అన్నా. సాయంత్రం మా అమ్మను తీసుకొచ్చి చూపిస్తా. ఆమె లెక్కలో మాత్రం పన్నెండు దాటాకే.

సీమ సీతాఫలం, ఉదయం 7:40

రేపటి బోర్డుకు కొత్త చర్చ తెరవండి. గాంధీ 1869, శాస్త్రి 1904 ఎటూ ఉంటారు. రవివర్మ 1906లో, కామరాజ్ 1975లో పోయింది అక్టోబర్ 2నే. పంచాంగం సార్, ఈసారి ఎవరినీ తీసేయకండి.

పంచాంగం సార్, ఉదయం 7:44

ముందు ఏడు వరుసలు గాంధీ గారికి అయిపోకుండా చూసుకోండి. తర్వాత నా సంగతి చూద్దాం.